నిండుకున్న బండి

మా నాన్న లారీ నడిపేవారు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. అమ్మ బతికుంటే ఇప్పుడు కూడా పెట్టనిచ్చేది కాదు. మా ఇంట్లో లారీ అనే మాట నిషిద్ధం. నాన్న నడిపేది "బండి", ఆయన చేసేది "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్". మొన్న ఆకులు రాలే రోజుల్లో నాన్న పాత స్నేహితుడు ప్రసాద్ అంకుల్ ఎనభయ్యో పుట్టినరోజుకని ట్రాయ్‌లో నేనిప్పుడుండే ఇంటి నుంచి ఫోర్ట్ వేన్‌కి కారులో బయల్దేరాను. టొలీడో దాటి, నది వెంట పడమటికి తిరిగేసరికి, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ నాన్న రోడ్డు మీద ఉన్నాను. ఆ రోడ్డు ఇప్పుడు నాలుగు లేన్లు. ఊళ్ళ గొడవ తనకి పట్టనట్టు పక్క నుంచి పోతుంది. నా చిన్నప్పుడు రెండే లేన్లు. మొక్కజొన్న చేల మధ్య నుంచి వచ్చి, ప్రతి చిన్న ఊరి నడిబొడ్డులోంచీ నెమ్మదిగా వెళ్ళేది. మంచు పడ్డ రోజున నాన్న ఆ రోడ్డు మీద ఉన్నారంటే అమ్మకి వంట మీద చెయ్యి ఆడేది కాదు. పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది.

నాన్న అమెరికాకి లారీ నడపడానికి రాలేదు. మెకానికల్ ఇంజనీరుగా వచ్చి, టొలీడోలో కార్లకి గేర్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు తోటి తెలుగువాళ్ళు రెజ్యూమేలు పట్టుకుని ఊళ్ళు తిరిగారు. నాన్న మాత్రం, యంత్రం తెలిసినవాడికి యంత్రం నడపడం నామోషీ ఏమిటని, లైసెన్సు తెచ్చుకుని ఒక పాత బండి కొన్నారు. ముందు ఇంజను, వెనక పొడుగాటి పెట్టె. దాన్ని ఇంటికి తెచ్చిన రోజున అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందు అద్దానికి పసుపు కుంకుమా పెట్టింది. పక్కింటి పోలిష్ ముసలావిడ ఆ నిమ్మకాయలు చితకడం చూసి, పాపం ఏదో వెతుక్కుంటున్నామనుకుని సాయానికి వచ్చింది. నాన్న ఆ రోజు నవ్వినట్టు మళ్ళీ నవ్వగా నేను చూడలేదు.

అప్పట్లో మన వాళ్ళంటే డాక్టర్లూ ఇంజనీర్లూ. శనివారాలు ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ ఉండేది. ఆడవాళ్ళు అల్యూమినియం ట్రేల మూతలు తీస్తూ ఒకరినొకరు కొలుచుకునేవారు. "మీ వారు ఎక్కడండీ?" అంటే ఏ ఊళ్ళో అని కాదు, ఏ ఆస్పత్రిలో, ఏ కంపెనీలో అని. అమ్మ "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అండీ" అనేది. "ఓహో, ఎన్ని ట్రక్కులండీ?" అని ఒక డాక్టరుగారి భార్య అడిగింది, తెలిసే. అమ్మ చేతిలో దద్దోజనం గిన్నె ఉంది. ఆ గిన్నె అక్కడ పెట్టి మళ్ళీ దాని వంక చూడలేదు. ఇంటికి వచ్చాక గిన్నె మరిచిపోయావేమని నాన్న అడిగితే, ఉంచుకోనీ అంది. ఆ శనివారాల వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఆ బేస్‌మెంట్లలో ఇంగువ వాసన, తడి కార్పెట్ వాసన, మా వైపు నుంచి ఎంత ఉతికినా పోని కాస్త డీజిల్ వాసన. నాన్న కోటు వేలాడే చోట ఇంకెవరూ కోటు వేలాడదీసేవారు కారు.

ఇప్పుడు చూస్తే అదే పనిని లాజిస్టిక్స్ అంటున్నారు. ఆ డాక్టరుగారి మనవడు ఆ లాజిస్టిక్స్‌లోనే ఏదో పెద్ద పదవిలో ఉన్నాడట, గుడి వార్షికోత్సవంలో శాలువా కప్పారు. బండి ముట్టుకోకుండా బండి గురించి మాట్లాడితే గౌరవం, స్టీరింగ్ పట్టుకుంటే అగౌరవం. ఈ లెక్క మన వాళ్ళు విమానంలో తెచ్చుకున్నదే, ఇక్కడ కొన్నది కాదు.

పొద్దున్నే మా ఇల్లు నాన్న బయల్దేరడం కోసం లేచేది. అమ్మ స్టీలు ఫ్లాస్కులో కాఫీ పోసి, పులిహోర రేకు కాగితంలో చుట్టి, పైన ఒక ఊరగాయ బద్ద పెట్టేది. నాన్న బూట్లు గరాజ్‌లోనే వదిలి, వంటింటి గడప దగ్గర సాక్సులతో నిలబడి కాఫీ తాగేవారు. తాగి "వెళ్ళొస్తా" అనేవారు. ఆ మాట అనకపోతే అమ్మ గరాజ్ తలుపు తెరవనిచ్చేది కాదు. ఒకసారి బడి తొందరలో నేను "వెళ్తున్నానమ్మా" అన్నానని నన్ను బస్సు దగ్గర నుంచి వెనక్కి పిలిచి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించి, "వెళ్ళొస్తాను అను" అని మళ్ళీ పంపింది. బస్సు పోయింది. వెళ్తున్నానని ఎవరంటారో తెలుసా, మళ్ళీ రానివాళ్ళంటారు, అంది అమ్మ బడికి నడిపిస్తూ.

అమ్మకి మాటలంటే అంత భయం. మంగళసూత్రం తెగితే పెరిగింది అనేది. దీపం ఆరితే కొండెక్కింది అనేది. ఇంట్లో ఏ వస్తువూ అయిపోయేది కాదు, నిండుకునేది. బియ్యం నిండుకున్నాయి, పప్పు నిండుకుంది. నేను అమెరికాలో పుట్టిన పిల్లని కాబట్టి చిన్నప్పుడు నిజంగానే డబ్బా నిండిందనుకుని మూత తీసి చూసేదాన్ని, అడుగున నాలుగు గింజలుండేవి. లేదు అన్న మాట ఇంట్లో తిరిగితే లేమి వచ్చి కూర్చుంటుందని అమ్మ నమ్మకం. నాన్నకి నమ్మకాలు తక్కువే గానీ, బండి కొన్నాక ఈ ఒక్కటి అమ్మ దగ్గర నుంచి పట్టుకున్నారు. తన బండిని ఖాళీ బండి అనేవారు కారు. సరుకు దించేశాక "బండి నిండుకుంది" అనేవారు.

ఎందుకంటే ఖాళీ బండి మా ఇంటి కూడు తినేస్తుంది. టొలీడో నుంచి గాజు సీసాల పెట్టెలు ఫోర్ట్ వేన్‌లో సాసులు చేసే ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేవారు నాన్న. ఆ సరుకు మీద వచ్చేది డీజిల్‌కీ, టైర్లకీ, ఇన్సూరెన్స్‌కీ సరిపోయేది. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో ఏదైనా ఉంటేనే మా పొయ్యి వెలిగేది. ఆ తిరుగు సరుకు కుదిర్చేది ప్రసాద్ అంకుల్. గేర్ల ఫ్యాక్టరీలో నాన్నతో పనిచేసిన మనిషి. అది మూతపడ్డాక ఫోర్ట్ వేన్ వెళ్ళి, సరుకులవాళ్ళకీ బళ్ళవాళ్ళకీ మధ్య నిలబడే చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. రోడ్డుకి ఆ చివర నమ్మకమైన తెలుగువాడున్నాడని నాన్న ధైర్యం. సీసాలు దించేసి నాన్న ఆ ఆఫీసు వెనకే బండి ఆపేవారు, ఇద్దరూ ఫ్లాస్కులో కాఫీ పంచుకునేవారు, అంకుల్ ఏదో ఒక సరుకు చూపించేవారు. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్తే సుగుణ ఆంటీ నాకు జడ విప్పి మళ్ళీ అల్లేది, వాళ్ళబ్బాయి రవి నా చెప్పులు దాచేసేవాడు. అంకుల్ నన్ను భుజాల మీద ఎక్కించుకుని బండి పెట్టె పైకప్పు తాకించేవారు. మంచివాడని ఎవరినైనా చూపించమంటే నేను ఆయన్నే చూపించేదాన్ని.

ఫోర్ట్ వేన్‌లో రాగి తీగ చుట్టలు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఒకటుండేది. వాళ్ళ సరుకు మోసే బండివాడు మాటిమాటికీ ఆలస్యం చేస్తున్నాడని కొత్తవాడి కోసం చూస్తున్నారు. ఒక్క లోడు సమయానికి టొలీడో చేర్చి చూపిస్తే ఇక ఆ రూటంతా మీదే అని అంకుల్‌తో అన్నారట. అంకుల్ ఆ మాట నాన్నకి చెప్పారు. ఆ వారం మా ఇంట్లో పండగ. అమ్మ మొదటిసారి పక్కింటి ముసలావిడకి కూడా జంతికలు పంచింది. రెండో బండి కొంటే దాని మీద పేరేం రాయించాలని నాన్న నన్నడిగారు. అప్పటికే సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి అమ్మ బొమ్మ లారీ ఒకటి కొనుక్కొచ్చింది. అమ్మ చేత్తో లారీ ఇంట్లోకి రావడం అదే మొదలు.

ఆ రోజు మంచు పడింది. సీసాలు దించే చోట బళ్ళు బారులు తీరి నాన్నకి ఆలస్యమైంది. మామూలుగా అయితే దించేసి నేరుగా అంకుల్ ఆఫీసుకి వెళ్ళేవారు. తీగ ఫ్యాక్టరీవాళ్ళు కంగారుపడతారని, దించగానే అక్కడి గోడ ఫోన్ నుంచి అంకుల్‌కి ఫోన్ చేశారు. "ప్రసాదూ, బండి నిండుకుంది. ఇక నీదే ఆలస్యం," అన్నారు. అంకుల్ "సరే సరే" అన్నారు. మంచులో మెల్లగా ఊరు దాటుకుని నాన్న వెళ్ళేసరికి తీగ చుట్టలు వేరే బండిలో ఎక్కి వెళ్ళిపోయాయి. అది అంకుల్ బావమరిది కొత్తగా కొన్న బండి. "అదేంది భాయ్, నిండుకుందన్నావు కదా! ఎవరో వేరే లోడ్ ఇచ్చారు, ఫుల్ అయిందనుకున్నాను," అని అంకుల్ తల పట్టుకున్నారట. "మేం హైదరాబాదోళ్ళం. మీ కోస్తా మాటలు మాకేం తెలుసు? ఎంప్టీ అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?"

నాన్న ఖాళీ పెట్టెతో ఇంటికి వచ్చారు. వంటింటి గడప దగ్గర సాక్సులతో నిలబడి జరిగింది జరిగినట్టు అమ్మకి చెప్పారు. నేను బల్ల దగ్గర హోంవర్కు చేస్తున్నాను. "తప్పు నాదేనే. ఈ దేశంలో లారీ నడుపుతూ ఆ మాటేమిటి నాకు," అన్నారు. లారీ అన్నారని అమ్మ కోప్పడలేదు. "వినేవాడికి చెవులుంటే మాటదేం తప్పు?" అంది. నాన్న "వద్దు, అలా అనకు" అన్నారు. ఆ రూటు బావమరిది బండికే పోయింది. తర్వాత ఆ బండి పక్కన అంకుల్ సొంత బండి, ఇంకో బండి చేరాయి. తిరుగు సరుకులన్నీ వాటికే సరిపోయేవి. నాన్న కొన్నాళ్ళు వెళ్ళడం నిండుగా, రావడం ఖాళీగా తిరిగి, బండి అమ్మేశారు. కొన్నది ప్రసాద్ అంకులే. తర్వాత నెల నుంచి నాన్న అదే బండిని, అదే రోడ్డు మీద, ప్రసాద్ అంకుల్ దగ్గర జీతానికి నడిపారు. రిటైరయ్యేదాకా నడిపారు.

ఇంట్లో ఆ మాట ఆగిపోయింది. "నిండుకుంది అనకు, అయిపోయిందని చెప్పు, చాలు," అన్నారు నాన్న ఒకసారి, గొంతు పెంచకుండానే. అమ్మ ఆ మాట అనలేదు, ఈ మాటా నోట పలకలేకపోయింది. మరేం చేసేదంటే, పప్పు లేకపోతే పప్పు డబ్బా తెచ్చి మూత తీసి నాన్న ముందు బల్ల మీద పెట్టేది. నూనె లేకపోతే నూనె సీసా. నాన్న దాని వంక చూసి, కోటు వేసుకుని కొట్టుకి వెళ్ళేవారు. నా కాలేజీ అయ్యేదాకా, ఆ తర్వాతా, వాళ్ళిద్దరి మధ్యా సంసారం అలాగే జరిగింది. మా స్నేహితుల ఇళ్ళల్లో తల్లిదండ్రులు అరుచుకునేవారు. మా ఇంట్లో ఖాళీ డబ్బాలు మాట్లాడేవి.

పాట్‌లక్కులు మాత్రం ఆగలేదు. అక్కడ ప్రసాద్ అంకుల్ నాన్న భుజం మీద చెయ్యేసి ఆ కథ చెప్పేవారు. మంచు, ఫోన్, బండి నిండుకుంది, అన్నీ అభినయిస్తూ. "మా వాడు ఎంప్టీ అనడానికి ఫుల్ అంటాడండీ, ఇట్లాంటోడు బిజినెస్ ఏం చేస్తాడు!" అనగానే బేస్‌మెంట్ అంతా గొల్లుమనేది. నాన్న కూడా నవ్వేవారు. అందరికంటే కాస్త ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. కొత్తగా వచ్చిన వాళ్ళకి అంకుల్ ఆ కథ మళ్ళీ చెప్పేవారు. చాదస్తానికి సామెతలా మా నాన్న పేరు ఈ మిడ్‌వెస్ట్‌లో సగం తెలుగు ఇళ్ళల్లో తిరిగింది. నాన్న నా పెళ్ళిలో కూడా అది విన్నారు. నేనూ ఆ కథ నమ్మాను. నాన్న చాదస్తం, అమ్మ మూఢనమ్మకం, కలిసి మా నోటి దగ్గర కూడు తన్నేశాయని పెరిగే వయసులో లోపల్లోపల వాళ్ళిద్దరి మీదే మండిపడేదాన్ని. వాళ్ళిద్దరూ పోయారు. ఆ మంట ఎవరికి చూపించాలో తెలియక ఇన్నేళ్ళూ నాలోనే ఉంచుకున్నాను.

ఇవన్నీ తలుచుకుంటూ ఫోర్ట్ వేన్ చేరాను. ఇల్లు కాదది, హోటలంత ఉంది. బయట కార్లు, లోపల పట్టుచీరలు. పొద్దున్నే హోమం అయిపోయింది. అంకుల్ చక్రాల కుర్చీలో, కొత్త పంచెలో, మెడలో దండతో కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు గానీ కళ్ళు అవే. నా తల మీద చెయ్యిపెట్టి "సత్యం కూతురు" అని పక్కవాళ్ళకి చెప్పారు. కంపెనీని ఇప్పుడు రవి నడుపుతున్నాడు, దూరంగా అల్ఫారెట్టా ఊళ్ళో ఉండి. ఏ బండి ఎక్కడుందో, నిండుగా ఉందో ఖాళీగా ఉందో తన ఫోన్‌లో చూపించాడు. తెర మీద ఆకుపచ్చ చుక్కలు నిండు బళ్ళు, ఎర్రచుక్కలు ఖాళీ బళ్ళు. "ఇక కన్ఫ్యూజనే ఉండదు అక్కా," అని నవ్వాడు.

సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. సుగుణ ఆంటీ కాఫీ కలుపుతూ ఫ్రిజ్ తీసి చూసి, "అయ్యో, పాలు నిండుకున్నయి బిడ్డా. రవిని పంపాలె," అంది. నా చేతిలో కప్పుల ట్రే ఉంది. దాన్ని మెల్లగా గట్టు మీద పెట్టాను.

"ఆంటీ, మీరూ అలాగే అంటారా? మీది హైదరాబాదు కదా," అన్నాను.

"నాదే హైదరాబాదు. మీ అంకుల్‌ది తెనాలి పక్కన, చదువుకోనికి హైదరాబాదు వచ్చిండ్రు. మా తల్లిగారింట్ల ఒడిసినయ్, అయిపోయినయ్ అనేటోళ్ళం," అంది ఆంటీ, పాత సంగతి చెప్పడానికి సరదాపడుతూ. "పెండ్లయిన కొత్తల బియ్యం ఒడిసినయ్ అన్నందుకు అన్నం ముందటి నుంచి లేచిపోయిండ్రు తెల్సా? లక్ష్మి ఉన్న ఇంట్ల అట్ల అనొద్దు, నిండుకున్నయి అనాలె, మా అమ్మ అట్లనే అంటది అన్నరు. గప్పటి నుంచి నాకూ అదే అలవాటైంది."

నీళ్ళు తాగాను. సింకు ముందు నిలబడి కిటికీలోంచి ఆ ఇంటి వెనక ఆపి ఉన్న బళ్ళని చూశాను. శుభ్రంగా కడిగి, వరసగా, పెట్టెల మీద కంపెనీ పేరు. నాన్న రెండో బండి మీద రాయిద్దామనుకున్న పేరు నాకు ఆ క్షణంలో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

హాల్లోంచి రవి పిలిచాడు. "గైస్, విజ్జి అక్క వచ్చింది! నాన్నా, ఆ ట్రక్ స్టోరీ చెప్పాలి, అక్క ముందర చెప్పాలి. ఇట్స్ ట్రెడిషన్!" జనం అప్పుడే నవ్వడానికి సిద్ధమై కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. అంకుల్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఆ తర్వాత చెప్పారు. గొంతు బలహీనపడింది గానీ కథ ఎక్కడా అరగలేదు. మంచు వచ్చింది, ఫోన్ వచ్చింది. "మేం హైదరాబాదోళ్ళం, మాకేం తెలుసు," దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వారు.

"రవీ, మీ అమ్మని ఒక మాట అడుగు," అన్నాను నేను, ఆ నవ్వు తగ్గాక. "పాలు నిండుకున్నాయంటే ఏమిటో అడుగు."

రవి సరదాగా వంటింటి వైపు తిరిగి, "మామ్! పాలు నిండుకున్నాయి, వాట్ డజ్ ఇట్ మీన్?" అని అరిచాడు.

"ఒడిసినయని రా. పోయి తేపో," అంది ఆంటీ లోపల నుంచి. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఇంట్ల ఎప్పుడు అట్లనే అంటం కదా. మీ నాన్ననే కదా నేర్పింది."

"సో నాన్నకి తెలుసా, ఇట్ మీన్స్ ఎంప్టీ?" అన్నాడు రవి. ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. "దెన్ దట్ డే ఫోన్‌లో..." అని ఆగిపోయాడు. నవ్వు అక్కడే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. పెద్దవాళ్ళు కొందరు ప్లేట్లలోకి చూసుకున్నారు. వాళ్ళకి నిండుకోవడం అంటే ఏమిటో తెలియదా? కోస్తా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు సగం మంది ఆ హాల్లో ఉన్నారు. ప్రసాద్ అంకుల్ వాళ్ళ అమ్మగారి ఊరేదో తెలిసినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. కథ బాగుందని నవ్వారు, అంతే. అదే నాకు ఎక్కువ మండింది. ఆంటీ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసి, "ఏమన్నా తప్పన్ననా?" అంది. ఎవరో కేక్ సంగతి ఎత్తారు.

గెలిచానని ఒక్క నిమిషం అనిపించింది. కోటు వేసుకుంటుంటే అంకుల్ తన కుర్చీ తనే తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. చుట్టూ ఎవరూ లేరు. నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆ రోజు నాకు అర్థమైందని మీ నాన్నకి తెలుసమ్మా," అన్నారు. "ఆ వారంలోనే వచ్చి అడిగాడు. మా అమ్మ ఎట్లా మాట్లాడేదో నేనే ఎప్పుడో చెప్పి ఉన్నాను వాడికి, గేర్ల ఫ్యాక్టరీ రోజుల్లో. అది గుర్తొచ్చిందట. నేను కాదనలేదు. బండి పోయాక వాడికి వేరే పని దొరకలేదు. నీ దగ్గరే నడుపుతాను గానీ మా ఇంట్లో తెలియకూడదు, తెలిస్తే మా ఆవిడ నీ జీతం డబ్బుతో తెచ్చిన అన్నం తినదు, పిల్లనీ తిననివ్వదు అన్నాడు. తప్పు తనదేనని నన్నే అందరికీ చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది."

అబద్ధం అందామనుకున్నాను. కానీ పాట్‌లక్కుల్లో నాన్న అందరికంటే ముందే మొదలుపెట్టిన ఆ నవ్వు నాకు గుర్తుంది. ఆయన అమ్మని ఆ మాట అనొద్దన్నది చాదస్తం తెలిసొచ్చి కాదు, ఆ మాట విన్నప్పుడల్లా తన మొహంలో నిజం ఎక్కడ బయటపడుతుందోనని. అమ్మ ఆ ఖాళీ డబ్బాలు పెట్టింది కూడా నమ్మకంతో కాదేమో. ఆవిడకీ తెలుసేమో. తెలిసీ తిన్నదేమో, నాకు పెట్టడం కోసం. తెలియకుండా తిన్నది నేనొక్కదాన్నే. కోపం చూపించాల్సిన చోట చూపించకుండా, చూపించకూడని వాళ్ళ మీద పెట్టుకుని ఇంతదాన్నయ్యాను. ఆ ఏళ్ళు అంకుల్‌ని అడిగి తిరిగి తెచ్చుకోగలిగినవి కావు.

అంకుల్ నా మణికట్టు వదల్లేదు. పెద్దవాళ్ళ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు అనాల్సిన మాట కోసం ఎదురుచూస్తున్నారు. చెయ్యి విడిపించుకున్నాను.

"వెళ్తున్నాను అంకుల్," అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశారు. ఈసారి మాట అర్థం కాలేదని అనలేదు.